కారు తాళంచెవి: లోహానికెంత, అనుమతికెంత?

ఇంటి తాళంచెవి పోతే బజారులో కీలు చేసే మనిషి దగ్గర పావుగంట కూర్చుంటే పని అయిపోతుంది. కారు తాళంచెవి పోతే అంత తేలిగ్గా తెమలదు. షోరూముకు వెళితే వేలల్లో అంచనా చెబుతారు, రోజుల తరబడి ఆగమంటారు. ఉన్న కీలన్నీ పోయాయంటే తాళాల సెట్టుతో పాటు ఇంజిన్‌ను నడిపించే కంట్రోల్ యూనిట్‌ను కూడా మార్చాలనే సందర్భాలున్నాయి. ఎందుకింత ఖర్చని అడిగితే వచ్చే జవాబు ఒకటే: మీ కారు భద్రత కోసం. ఆ మాటలో నిజం లేకపోలేదు, కానీ అది సగం నిజం. కారును కాపాడేది కీలో ఇమిడిన గణితం. ధరను పెంచేది ఆ కీని కారుకు పరిచయం చేసే అధికారం కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోవడం. ఈ రెండూ విడదీయరానివని మనల్ని నమ్మించారు. ఒకదాన్ని చెడగొట్టకుండా రెండోదాన్ని సరిచేయవచ్చు.

ముందు కంటికి కనిపించే భాగం చూద్దాం. కారు తాళంలో సన్నని ఇత్తడి రేకులు వరుసగా, ఒక్కొక్కటి ఒక చిన్న స్ప్రింగు మీద నిలబడి ఉంటాయి. కీ మీది గాట్లు సరైన లోతులో ఉంటే రేకులన్నీ ఒకే మట్టానికి వచ్చి సిలిండర్ తిరుగుతుంది. ఒక తాళంలో ఎనిమిది చోట్ల గాట్లు, ఒక్కోచోట నాలుగు లోతుల్లో ఏదో ఒకటి ఉంటాయనుకుంటే 65,536 రకాల కీలు సాధ్యం. అంటే కీ ఆకారమంతా ఎనిమిది అంకెల్లో రాసుకోగల సమాచారమే. కీ కోసే పద్ధతుల్లో తేడా ఇక్కడే ఉంది. పాత కీని ఒక పక్క బిగించి దాని అంచు వెంబడి కొత్తదాన్ని కోసే యంత్రం పాత కీ అరుగుదలను కూడా నకలు తీస్తుంది. నకలుకు నకలు తీస్తూ పోతే చివరికి తాళం పట్టేస్తుంది. అంకెల ప్రకారం కోసే యంత్రమైతే ఫ్యాక్టరీ కొలతలకే కోస్తుంది. ఇప్పటి చాలా కార్లలో అంచున పళ్లు లేకుండా పక్కభాగంలో వంకర గాడి ఉండే కీలు వస్తున్నాయి. వాటికి మెరుగైన యంత్రం కావాలి. ఎలా చూసినా ఇది లోహం కోసే పని. దీనికయ్యే ఖర్చు బిల్లులో చిన్న భాగమే.

అసలు కథ కీ తలలోని ప్లాస్టిక్ లోపల ఉంది. 65 వేల రకాలున్నా తాళాన్ని ఏదో ఒక పనిముట్టుతో బలవంతంగా తిప్పేసే దొంగకు ఆ లెక్కతో పనిలేదు. అందుకే జనరల్ మోటార్స్ 1986లో కార్వెట్ కారు కీలో ఒక చిన్న విద్యుత్ నిరోధకాన్ని అమర్చింది. దాని విలువ సరిపోకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు. అయితే ఆ విలువలు పదిహేనే కాబట్టి పదిహేను కీల గుత్తి చేతిలో ఉంటే చాలు. తొంభైల్లో దాని స్థానంలో ట్రాన్స్‌పాండర్ చిప్పు వచ్చింది. దీనికి బ్యాటరీ ఉండదు. తాళం చుట్టూ ఉన్న తీగచుట్ట సుమారు 125 కిలోహెర్ట్జ్ వద్ద అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. చిప్పు ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని మేల్కొంటుంది. అప్పుడు కారు ఒక కొత్త సంఖ్యను పంపుతుంది. చిప్పు తనలోని రహస్య సంఖ్యతో దాన్ని కలిపి, లెక్కకట్టి, జవాబు తిప్పి పంపుతుంది. కారు కూడా అదే లెక్క చేసుకుని రెండూ సరిపోతేనే ఇంజిన్‌కు అనుమతి ఇస్తుంది. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ లాగా జవాబు ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఒకసారి చాటుగా విన్నవాడికి అది రెండోసారి పనికిరాదు. డోర్లు తెరిచే రిమోట్ దీనికి వేరు. అది బ్యాటరీతో పనిచేసే రేడియో. ఈ తేడా తెలిస్తే అనవసర ఖర్చు తప్పుతుంది. రిమోట్ పనిచేయనంత మాత్రాన కీ పోయినట్టు కాదు. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో కూడా చాలావాటికి, బ్యాటరీ అయిపోయిన కీని బటన్‌కు ఆనించో, నిర్ణీత చోట ఉంచో స్టార్ట్ చేసే వీలుంటుంది.

ఈ చిప్పు వల్ల మేలు జరిగిందా అంటే, జరిగింది. యూరోపియన్ యూనియన్ 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ, సరైన చిప్పు లేకపోతే ఇంజిన్‌ను కదలనివ్వని ఈ ఇమ్మొబిలైజర్ ఏర్పాటును తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్ లెక్కలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు, 1995–2008 మధ్య దీనివల్ల కార్ల దొంగతనాల రేటు సగటున 40 శాతం మేర తగ్గిందని 2016లో ప్రచురించారు. చిప్పు లేని పాత కార్ల మీదికి దొంగలు మళ్లడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాకే ఆ సంఖ్య తేలింది. దీనికి తిరగేసిన సాక్ష్యం అమెరికాలో దొరికింది. అక్కడ 2015 మోడల్ కార్లలో మిగతా కంపెనీల వాటికి 96 శాతం మేర ఇమ్మొబిలైజర్ ఉంటే, హ్యుందాయ్, కియా కార్లకు 26 శాతమే ఉంది. ఆ లోపాన్ని చూపే వీడియోలు వ్యాపించాక 2021 నుంచి ఆ కార్ల దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. కాబట్టి చవక కీ కోసం చిప్పును వదులుకోవాలని ఎవరూ కోరకూడదు. చిప్పు ఉండాల్సిందే. కారు యజమాని అడగాల్సిన ప్రశ్న వేరు.

ఆ ప్రశ్న ప్రోగ్రామింగ్ గురించి. ఆ మాట పెద్దదిగా వినిపిస్తుంది గానీ జరిగేది ఇంతే: కొత్త చిప్పులోని గుర్తింపును కారు జ్ఞాపకంలోని జాబితాలో చేర్చడం. స్టీరింగ్ కింద ఉండే డయాగ్నస్టిక్ సాకెట్‌కు ఒక పరికరం తగిలించి ఈ పని చేస్తారు. చాలా కార్లు ఆ జాబితాను తెరవడానికి ముందు ఒక పిన్ అడుగుతాయి. ఆ పిన్ కంపెనీ దగ్గర ఛాసిస్ నంబరు వారీగా ఉంటుంది. పిన్ అందనప్పుడు బయటి మెకానిక్ కంట్రోల్ యూనిట్ విప్పి, అందులోని మెమరీ చిప్పును నేరుగా చదవాలి. నేర్పు, సమయం, సాహసం మూడూ కావాల్సిన పని అది. ఒక్క కీ అయినా మిగిలి ఉంటే కొన్ని రకాల చిప్పులను దాన్నుంచే నకలు తీయవచ్చు, మరికొన్ని కార్లలో దాని సాయంతో కొత్తదాన్ని సులువుగా చేర్చవచ్చు. అన్నీ పోతే ఆ దారులు మూసుకుపోతాయి. బిల్లు ఒక్కసారిగా పెరిగేది అక్కడే. కారు అదే, చిప్పు అదే, కోసే లోహమూ అదే. మారింది అనుమతి దొరికే తీరు ఒక్కటే. మనం ఎక్కువగా డబ్బు కట్టేది ఆ అనుమతికి.

ఈ సమాచారాన్ని గుప్తంగా ఉంచడమే భద్రత అని కంపెనీల తరఫున వాదించేవారున్నారు. తాళాల చరిత్ర ఆ వాదానికి అనుకూలంగా లేదు. లండన్‌లో తెరవలేనిదని అరవై ఏళ్లుగా పేరుపడ్డ బ్రామా తాళాన్ని 1851 మహా ప్రదర్శన సమయంలో అమెరికన్ తాళాల నిపుణుడు హాబ్స్ 51 గంటల శ్రమతో తెరిచాడు. 1883లో భాషావేత్త కెర్క్‌హాఫ్స్ సైనిక సంకేతాల గురించి రాస్తూ, పద్ధతి శత్రువు చేతికి చిక్కినా రహస్య సంఖ్య ఒక్కటి దాగి ఉంటే చాలనేంత గట్టిగా ఏర్పాటు ఉండాలన్నాడు. కార్ల చిప్పులు ఆ సూత్రాన్ని పాటించకనే దెబ్బతిన్నాయి. 40 బిట్ల రహస్య సంఖ్యతో, పద్ధతిని గోప్యంగా ఉంచి అమ్మిన ఒక చిప్పును జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు 2005లో ఛేదించారు. 40 బిట్లంటే సుమారు లక్షా పది వేల కోట్ల సంఖ్యలు. వారి పరికరాలకు అది గంటలోపు పని. మెగామోస్ అనే మరో చిప్పు లోపాలపై వ్యాసం వెలువడకుండా 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఇంగ్లండు హైకోర్టు నుంచి నిషేధం తెచ్చుకుంది. రెండేళ్ల తర్వాత, 2015లో, ఒక్క వాక్యం తీసేసి దాన్ని ప్రచురించారు. గోప్యమని చెప్పిన ఆ పద్ధతి మాత్రం 2009 నుంచే బయట దొరుకుతున్న ఒక కీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. బటన్‌తో స్టార్టయ్యే కార్లకైతే జేబులో ఉన్న కీ సంకేతాన్ని దూరం నుంచి అందుకుని కారుకు చేరవేస్తే చాలని 2011లో జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు పది మోడళ్ల మీద పరీక్షించి చూపారు. పదీ లొంగిపోయాయి. దొంగ పిన్ కోసం షోరూము ముందు వరుసలో నిలబడడు. ఆ వరుసలో నిలబడేది యజమాని.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. పద్ధతి అందరికీ తెలిసినా ఫర్వాలేదు సరే, ఫలానా కారు పిన్‌ను అడిగినవాడికల్లా ఇచ్చేస్తే దొంగకు దారి చూపినట్టే కదా? నిజమే, ఇవ్వకూడదు. కానీ ఎవరికీ ఇవ్వకపోవడానికి, అందరికీ ఇచ్చేయడానికి మధ్య మూడో దారి ఉంది. అడిగేవాడెవడో తేల్చుకుని, నమోదు చేసుకుని ఇవ్వడం. అమెరికాలో మసాచుసెట్స్ ఓటర్లు 2012లో మరమ్మతు హక్కు చట్టాన్ని భారీ మెజారిటీతో గెలిపించారు. ఆ చట్టం కూడా ఇమ్మొబిలైజర్ సమాచారానికి ప్రత్యేక మార్గం పెట్టింది. అక్కడ నేషనల్ ఆటోమోటివ్ సర్వీస్ టాస్క్ ఫోర్స్ దగ్గర పేరు నమోదై, నేపథ్య తనిఖీలో నెగ్గిన తాళాల నిపుణులు కంపెనీల నుంచి కీ కోడ్లు పొందుతారు. ప్రతిసారీ యజమాని గుర్తింపును, వాహనం అతనిదేననే ఆధారాన్ని చూసి రాసిపెట్టుకోవాలి. యూరప్ కూడా స్వతంత్ర గ్యారేజీలకు ఇటువంటి అర్హతపత్రాల ఏర్పాటును సెర్మి పేరుతో 2023 నుంచి అమల్లోకి తెస్తోంది. మన దేశంలో ఇందుకు పునాది ఉంది. ఏ బండి ఎవరిదో చెప్పే వాహన్ రిజిస్టరు జాతీయ స్థాయిలో ఉంది. స్వతంత్ర మెకానిక్‌లకు విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014లో పద్నాలుగు కార్ల కంపెనీలపై రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. కానీ ఆ ఉత్తర్వు లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ తాజాగానే ఉంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహన రంగం కూడా ఒకటి. హైదరాబాద్, విజయవాడల్లో చిన్న దుకాణాలు నడుపుతున్న కీ మేకర్లను నమోదు చేసి, అర్హులకు పిన్ అందించే ఏర్పాటును వాహన్ రిజిస్టరు, ఈ పోర్టల్ రెండింటి మీదా నిర్మించుకోవచ్చు.

బయట చేసిన కీ నాసిరకమైతే ఎలా అన్నది మరో సందేహం, న్యాయమైన సందేహమే. నాసి చిప్పులున్నాయి, అరగంటకే చేతులెత్తేసే రిమోట్లున్నాయి, పని తెలియక కంట్రోల్ యూనిట్‌ను పాడుచేసేవారూ ఉన్నారు. కొత్త మోడళ్లలో కంపెనీ సర్వర్ అనుమతి లేకుండా ఎంత నేర్పరికైనా సాధ్యంకాని పనులున్నాయి. అందుకే ముందు దుకాణంలో ఆర్‌సీ, గుర్తింపుకార్డు అడుగుతారో లేదో చూడాలి. అడగనివాడు మీకు చేసినంత తేలిగ్గా మీ కారు కీని ఇంకొకరికీ చేసిపెడతాడు. కోడ్ ప్రకారం కోస్తారా, పాత కీని చూసి కోస్తారా అని అడగాలి. చిప్పుకు, రిమోట్‌కు, పనికి విడివిడిగా ధర చెప్పమనాలి. డబ్బిచ్చే ముందు ఇంజిన్ స్టార్టవడం, డోర్లు, డిక్కీ అన్నీ పరీక్షించాలి. కీ పోయిందంటే కొత్తది చేర్చడంతో పని ముగియదు. పోయినదాన్ని కారు జాబితా నుంచి తొలగించమనాలి. అలా చేస్తే అది ఎవరికి దొరికినా డోరు తెరవగలదేమో గానీ ఇంజిన్‌ను కదిలించలేదు. చవకగా చేయించుకున్న కీ కారణంగా భద్రత తగ్గదు, తొలగించకుండా వదిలేసిన పాత కీ వల్ల తగ్గుతుంది.

యజమాని తనంతట తానే చేసుకోగల పనులు కొన్ని ఉన్నాయి. రెండు కీల్లో ఒకటి పోయిన వారంలోనే, రెండోది చేతిలో ఉండగానే కొత్తది చేయించుకోవాలి. ఖర్చు అప్పుడే తక్కువ. కొత్త కారుతో పాటు కీ కోడ్ ఉన్న చిన్న రేకుబిళ్ల ఇస్తే, ఆ అంకెలను కారులో కాకుండా ఇంట్లో రాసి దాచుకోవాలి. కారు దొంగతనానికి గురైతే బీమా కంపెనీలు సాధారణంగా రెండు కీలూ చూపమంటాయి కాబట్టి కీ పోయిన వెంటనే పోలీసులకు, బీమా కంపెనీకి తెలపాలి. ఇవన్నీ మన జాగ్రత్తలు. వీటికి మించి అడగాల్సినది మరొకటి ఉంది. కారు కొన్నప్పుడు ఇంజిన్‌తో, చక్రాలతో పాటు దాన్ని తెరిచే రహస్య సంఖ్యకు కూడా మనమే డబ్బు కట్టాం. తన గుర్తింపును రుజువు చేసుకున్న యజమానికి, అతను నమ్మి ఎంచుకున్న అర్హుడైన పనివాడికి ఆ సంఖ్య సరసమైన రుసుముతో అందాలి. అది దయతలచి ఇచ్చేది కాదు. ఆర్‌సీ మీద ఎవరి పేరుందో వారి సొత్తు.