పసివాళ్ల జ్ఞాపకం – దాచిన గిలక్కాయ



"ఇప్పుడే చూపించాను కదే, అప్పుడే మర్చిపోయావా?" అని చంటిపిల్లల్ని కసరని ఇల్లు అరుదు. పసివాళ్ల జ్ఞాపకం నెలనెలా పెరిగేదే గాని, ఒక్కసారిగా వచ్చేది కాదు. ఏ వయసుకి ఎంత గుర్తుంటుందో మనకి తెలిస్తే అనవసరపు దెబ్బలూ తప్పుతాయి, కొన్ని ప్రమాదాలూ తప్పుతాయి.

మా నర్సీపట్నం వైపు వాళ్లకి ఏటికొప్పాక లక్క గిలక్కాయలు తెలిసినవే. అలాంటిదొకటి అయిదారు నెలల పాప చూస్తుండగానే తువ్వాలు కింద పెట్టండి. చాచిన చెయ్యి ఆగిపోతుంది, వెతకదు. స్విట్జర్లాండు శాస్త్రవేత్త పియాజే తన ముగ్గురు పిల్లల్లో ఈ సంగతి గమనించి 1937లో పుస్తకం రాశాడు. కనబడని వస్తువు పాప దృష్టిలో లేనట్టే అన్నాడు. అయితే 1985లో బయ్యార్జాన్ అనే ఆవిడ, మరి ఇద్దరు కలిసి అయిదు నెలల పిల్లల చూపుల్ని పరీక్షించారు. తెర వెనక పెట్టె ఉన్నా, అడ్డేమీ లేనట్టు తెర పూర్తిగా వెనక్కి వాలిపోతే, పిల్లలు దాన్ని ఎక్కువసేపు చూశారట. అంటే పెట్టె అక్కడుందని పిల్లలకి తెలుసునని, వెతికే నేర్పే ఇంకా రాలేదని వాళ్లు తేల్చారు.

ఎనిమిది, తొమ్మిది నెలలకి పాప తువ్వాలు లాగి గిలక్కాయ తీస్తుంది. రెండు మూడుసార్లు అలా తీశాక, చూస్తుండగానే దిండు కింద పెట్టండి. మళ్ళీ తువ్వాలే ఎత్తుతుంది! ఇది మొండితనం కాదు. కొత్త చోటు గుర్తుంచుకోవాలి, అలవాటైన చేతిని ఆపుకోవాలి. ఈ రెండు పనులూ చేసే ముందుమెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. డైమండ్ అనే పరిశోధకురాలు 1985లో చూపినట్టు, ఏడున్నర నెలల పాప రెండు సెకన్లు ఆగితేనే పొరబడుతుంది. ఏడాది నిండేసరికి పది సెకన్ల దాకా నిలుపుకుంటుంది.

ఈ రోజుల్లోనే అమ్మ కనబడకపోతే ఏడుపు ఎక్కువవుతుంది. కనబడని అమ్మ ఎక్కడో ఉందని తెలిసింది మరి! అందుకే దొంగచాటుగా గుమ్మం దాటకండి, చెప్పి వెళ్ళండి. దోబూచులాట ఆడించండి. పోయిన ముఖం తిరిగి వస్తుందని పాపకి అదే నేర్పుతుంది.

ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య ఇంకో మెట్టు. బిళ్ళ గుప్పిట్లో పెట్టుకుని, ఆ గుప్పిటే దిండు కిందికి పోనిచ్చి, బిళ్ళ అక్కడ వదిలేసి ఖాళీ చెయ్యి చూపండి. పిల్లవాడు తిన్నగా దిండు దగ్గరికే పోతాడు. కళ్ళారా చూడనిది కూడా ఊహించగలడన్నమాట.

అందుకని, "వాడు చూడలేదులే" అని ఫినాయిలు సీసా మంచం కింద, మామ్మగారి మాత్రలు తలగడ కింద పెట్టకండి. దాచడం వేరు, అందకుండా పెట్టడం వేరు. వాటిని ఎత్తుగా ఉన్న అలమరలో పెట్టి తాళం వెయ్యండి.

పిల్లలు మరిచిపోతే కసరకండి, మళ్ళీ చూపండి. గుర్తుంచుకున్న రోజున మాత్రం మీరే జాగ్రత్తపడండి.