గ్రాఫైటుకు రక్షాకవచం

మన చేతిలోని సెల్‌ఫోను మొదలుకొని రహదారిపై చప్పుడు లేకుండా సాగిపోయే విద్యుత్ వాహనం వరకు నేడు అనేక సాధనాలకు ప్రాణాధారం లిథియం అయాన్ బ్యాటరీ. దీని అభివృద్ధికి పునాదులు వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అయితే ఇంతటి మేలు చేసే సాధనంలోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. 2013 జనవరిలో అమెరికాలోని బోస్టన్ విమానాశ్రయంలో, ప్రయాణికులు దిగిపోయి ఆగి ఉన్న ఒక బోయింగ్ 787 విమానంలో బ్యాటరీ అంటుకొంది. కొద్ది రోజులకే జపానులోనూ అటువంటి సంఘటన జరగడంతో ప్రపంచమంతటా ఆ రకం విమానాలను కొంతకాలం ఎగరకుండా నిలిపివేశారు.

ఈ ప్రమాదానికి మూలమేమిటో తెలియాలంటే బ్యాటరీ లోపలికి తొంగిచూడాలి. అందులో ఒకవైపు ధనధ్రువం, మరొకవైపు రుణధ్రువం, ఆ రెండింటి నడుమ విద్యుద్విశ్లేష్యమనే ద్రవం ఉంటాయి. రుణధ్రువం సాధారణంగా గ్రాఫైటుతో తయారవుతుంది. పెన్సిలు ములుకులో ఉండేదీ ఈ పదార్థమే. తాళపత్ర గ్రంథంలో ఆకుమీద ఆకు పేర్చినట్లు గ్రాఫైటులో కార్బను పొరలు ఒకదానిపై ఒకటి అమరి ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య దూరం 0.335 నానోమీటర్లు మాత్రమే. బ్యాటరీని చార్జి చేసినప్పుడు లిథియం అయానులు ద్రవం గుండా పయనించి ఈ పొరల నడుమ చేరతాయి. అప్పుడా దూరం 0.37 నానోమీటర్లకు పెరుగుతుంది. బ్యాటరీని వాడుతున్నప్పుడు అవి తిరిగి ధనధ్రువానికి మరలిపోతాయి. ఈ రాకపోకలు వందలసార్లు జరిగినా పొరలు చెదరకుండా నిలవడమే బ్యాటరీ ఆయుష్షుకు ఆధారం.

ఆ పొరలను కాపాడడం తేలికైన పని కాదు. పూర్వం ప్రొపిలీన్ కార్బొనేట్ అనే ద్రవాన్ని వాడి చూసినప్పుడు, లిథియం అయానులు తమతోపాటు ద్రవపు అణువులను కూడా పొరల మధ్యకు లాగుకొనిపోయాయి. ఆ ఒత్తిడికి పొరలు విడిపోయి గ్రాఫైటు పొట్టుపొట్టుగా రాలింది. అందువల్లనే 1991లో సోనీ సంస్థ విపణిలోకి తెచ్చిన తొలి బ్యాటరీలలో గ్రాఫైటు కాక మరొక కార్బను రూపాన్ని వాడారు. ఇథిలీన్ కార్బొనేట్ వాడకంతో ఈ చిక్కు విడింది. అది మొదటి చార్జింగులోనే కొంత విచ్ఛిన్నమై, కాచిన పాలపై మీగడ కట్టినట్లు, గ్రాఫైటుపై పలుచని పొరగా ఏర్పడుతుంది. ఈ పొర లిథియానికి దారి ఇస్తుంది. ద్రవపు అణువులను అడ్డగిస్తుంది. గ్రాఫైటుకు ఇదే రక్షాకవచం.

కాని ఈ కార్బొనేట్ ద్రవాలు మండే స్వభావం కలవి. బ్యాటరీ మితిమీరి వేడెక్కితే అవే ఇంధనమవుతాయి. వీటికి బదులుగా శాస్త్రవేత్తలు అయానిక ద్రవాలవైపు దృష్టి సారించారు. ఇవి ద్రవరూపంలో ఉండే లవణాలు. మన వంట ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. కాని 1914లో పాల్ వాల్డెన్ వివరించిన ఒక లవణం 12 డిగ్రీలకే కరుగుతుంది. ఇటువంటి ద్రవాలు సులభంగా ఆవిరి కావు, సులభంగా అంటుకోవు.

ఇక్కడ మరొక చిక్కు ఎదురైంది. అయానిక ద్రవం నిండా అయానులే. దానిలోని ధనావేశం గల పెద్ద అయానులను కూడా రుణధ్రువం ఆకర్షిస్తుంది. ముఖ్యంగా ఇమిడజోలియం జాతి అయానులు లిథియం కంటె ముందుగానే గ్రాఫైటు పొరలలో దూరి, విచ్ఛిన్నమై వాటిని పాడుచేస్తాయి. అగ్నిభయం తగ్గించబోతే బ్యాటరీ ఆయుష్షుకే ముప్పు వచ్చినట్లయింది.

ఈ సమస్యకు పరిష్కారాలు క్రమంగా లభించాయి. 2004లో స్విట్జర్లాండులోని పాల్ షెరర్ సంస్థ పరిశోధకులు అయానిక ద్రవంలో కొద్దిపాటి వినైలీన్ కార్బొనేట్ కలిపి చూశారు. అది తాను ముందుగా విచ్ఛిన్నమై గ్రాఫైటుకు కవచం కట్టింది. 2006లో జపానులోని కన్సాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరొక మార్గం చూపారు. ద్రవంలోని రుణావేశ అయానుగా ఎఫ్.ఎస్.ఐ. అనే దానిని ఎంచుకొంటే, వేరే పదార్థమేదీ కలపకుండానే గ్రాఫైటు స్థిరంగా పనిచేస్తుందని నిరూపించారు.

అయినా లోపాలు లేకపోలేదు. ఈ ద్రవాలు చిక్కగా ఉండడంచేత వాటిలో లిథియం కదలిక మందగిస్తుంది. చలిలో ఆ కష్టం మరింత హెచ్చుతుంది. వీటి ధర కూడా ఎక్కువ. మితిమీరిన వేడికి ఇవి కూడా విచ్ఛిన్నమవుతాయి. కనుక సాధారణ బ్యాటరీలలో కార్బొనేట్ ద్రవాల స్థానాన్ని ఇవి ఇంకా ఆక్రమించలేదు.

శక్తిని నిలువచేయడం ఒక విద్య. ఆ శక్తి మనకు కీడు చేయకుండా చూచుకోవడం అంతకు మించిన విద్య. కంటికి కనిపించని ఒక పలుచని పొర కోసం దశాబ్దాలుగా సాగుతున్న ఈ కృషి ఆ రెండవ విద్యకు చక్కని నిదర్శనం.