64 బైట్ల హద్దు

పాత కంప్యూటర్‌లో మై కంప్యూటర్ తెరిస్తే సి, డి, ఇ అని మూడు డ్రైవ్‌లు కనిపిస్తాయి. పెట్టె విప్పి చూస్తే లోపల హార్డ్ డిస్క్ ఒక్కటే. ఆ ఒక్కదాన్ని మూడుగా చూపిస్తున్నది డిస్క్ మొట్టమొదటి సెక్టారులో రాసి ఉన్న 64 బైట్ల పట్టిక. అంత చిన్న పట్టిక ఇన్నేళ్లు, ఇన్ని కోట్ల యంత్రాల్లో చాకిరీ చేయడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

సిరుగుప్ప తాలూకాలోని మా తెక్కలకోట వాళ్లకు ఈ సంగతి తేలిగ్గా పట్టుబడుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. మా సిరుగుప్ప తాలూకా మైసూరులో కలిసింది. చేలు, గుట్టలు ఉన్నచోటే ఉన్నాయి. తుంగభద్ర దిగువ కాలువ ఇవాళ్టికీ హద్దు దాటి ఆదోని వైపు పారుతోంది. మారింది రికార్డు. ఏ కచేరీకి వెళ్లాలో, ఏ రాజధానికి అర్జీ పెట్టుకోవాలో ఆ రికార్డే తేల్చింది. డిస్క్‌ను ఇలా భాగాలుగా విడదీసే పార్టిషన్ పనీ అదే.

ఈ పట్టిక 1983 మార్చిలో పుట్టింది. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో, డాస్ 2.0తో బజారులోకి వచ్చింది. ఎ, బి అక్షరాలు అప్పటికే ఫ్లాపీలవి కాబట్టి హార్డ్ డిస్క్‌కు సి దక్కింది. ఒకే డిస్క్ మీద డాస్‌తో పాటు సీపీ/ఎం-86 లాంటి మరో ఆపరేటింగ్ సిస్టం కూడా ఉండాలంటే, ఒకదాని చోటులోకి మరొకటి చొరబడకూడదు. ఆ హద్దులు గీయడానికి ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఇచ్చారు.

ఆ మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాంకు, చివరి 2 బైట్లు ముద్రకు. మధ్యలోని 64 బైట్లే పట్టిక. దానిలో నాలుగు వరుసలు, ఒక్కోటి 16 బైట్లు. వరుసలో మొదటి బైటు 80 అయితే కంప్యూటర్ ఆ భాగం నుంచే లేస్తుంది. మరో బైటు ఆ భాగం ఏ రకమో చెబుతుంది: 06 అయితే డాస్ ఫైళ్లు సర్దే ఫ్యాట్16 పద్ధతి, 83 అయితే లినక్స్. మిగతావి ఎక్కడ మొదలు, ఎన్ని సెక్టార్లు అన్న లెక్కలు. వరుసలు నాలుగే కాబట్టి భాగాలూ నాలుగే. అది చాలక 1987లో డాస్ 3.3 ఒక వరుసను ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌గా వాడి, దాని లోపల లాజికల్ డ్రైవ్‌లు పెట్టుకునే వీలు కల్పించింది.

అప్పట్లో ముక్కలు చేయక తప్పేది కాదు. తొలి డాస్‌లో సెక్టారు నంబరు 16 బిట్లే, అంటే 65,536 సెక్టార్లు, 32 మెగాబైట్లు. అంతకన్నా పెద్ద డిస్క్ కొంటే విడదీసి వాడాల్సిందే. తర్వాత ఫ్యాట్16 హద్దు 2 గిగాబైట్లకు పెరిగింది గానీ, అంత పెద్ద డ్రైవ్‌లో ప్రతి ఫైలూ 32 కిలోబైట్ల గళ్లలోనే సర్దుకోవాలి. 2 కిలోబైట్ల ఉత్తరం దాచినా 32 ఖర్చే. అలాంటి ఉత్తరాలు వెయ్యి దాస్తే 30 మెగాబైట్లు వృథా. అదే డిస్క్‌ను 500 మెగాబైట్ల చొప్పున విడదీస్తే గడి 8 కిలోబైట్లకు తగ్గేది. ఈ బాధను చాలావరకు తీర్చింది 1996లో విండోస్ 95 సవరించిన విడుదలతో వచ్చిన ఫ్యాట్32.

విండోస్ పక్కనే లినక్స్ పెట్టుకోవాలన్నా ఈ పట్టికే దారి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు తెరతో లినక్స్‌ను తయారుచేసింది. అలాంటి దాన్ని ఉన్న కంప్యూటర్‌లోనే, విండోస్ తీసేయకుండా పెట్టుకోవచ్చంటే అది ఒక వరుస పుణ్యమే.

సెక్టార్ల లెక్కకు పట్టికలో 4 బైట్లే ఉండటంతో 2 టెరాబైట్ల దగ్గర దాని శక్తి అయిపోయింది. దాని చోట ఇప్పుడు వాడే జీపీటీ అనే పట్టికలో మామూలుగా 128 వరుసలు, డిస్క్ చివర ఇంకో నకలు ఉంటాయి. అయినా మొదటి సెక్టారులో పాత పట్టికను ఉంచుతారు. పాత ప్రోగ్రాంలు డిస్క్ ఖాళీగా ఉందని భ్రమపడి చెరపకుండా అది కాపలా కాస్తుంది.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతులు రెండు. పొరపాటున పార్టిషన్ తీసేస్తే హడావిడిగా ఫార్మాట్ చేయకండి, దాని మీద ఏదీ రాయకండి. పోయింది ముఖ్యంగా పట్టికలో వరుస. ఫైళ్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి. టెస్ట్‌డిస్క్ లాంటి ఉచిత ప్రోగ్రాంలు ఆ పాత హద్దును వెతికి తిరిగి రాయగలవు. రెండోది, విండోస్‌ను సిలో, మీ ఫొటోలు, కాగితాలు డిలో ఉంచితే విండోస్ పాడై మళ్లీ వేసుకున్నా అవి భద్రం. కానీ డిస్కే కాలిపోతే సి, డి రెండూ కలిసే పోతాయి. కాబట్టి హద్దు గీసినా, గీయకపోయినా, ఒక నకలు వేరే డిస్క్‌లో దాచండి.