చెత్తలో మిగిలిన డబ్బు ఎవరి కష్టం?

రీసైక్లింగువల్ల నగరాలకు ఖర్చు తగ్గుతుందని మేధావులూ అధికారులూ చెబుతున్నారు. నిజమే, తగ్గుతుంది. ఎవరి చేతులమీదుగా తగ్గుతుందో మాత్రం చెప్పరు. పూణె సంగతి చూద్దాం.

అక్కడ చిత్తుకాగితాలు, సీసాలు, రేకుముక్కలు ఏరుకు బతికేవాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1972 కరువుకు ఊరొదిలి వచ్చిన కుటుంబాలు వీళ్ళలో చాలా ఉన్నాయి. 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అనే సంఘం పెట్టుకున్నారు. గుర్తింపు కార్డు కోసం పట్టుబట్టారు. ఎందుకంటే భుజాన గోనెసంచి కనబడితే చాలు, పోలీసుకు ఆమె దొంగే. 1990ల మధ్యలో నగరపాలక సంస్థ కార్డులిచ్చాకే అది పని అని ఒప్పుకున్నట్టయింది.

సంఘం మొర పెట్టుకుని ఊరుకోలేదు, లెక్క కట్టింది. కుండీ దగ్గరే ఏరేసిన సరుకును లారీకి ఎత్తక్కర్లేదు. ఆ మేరకు కూలీ, డీజిలు, డంపింగ్ యార్డులో చోటు మిగుల్తాయి. 2001 నాటి అధ్యయనం ప్రకారం వీళ్ళు రోజుకు సుమారు 144 టన్నుల సరుకు ఏరేవాళ్ళు. దానివల్ల నగరపాలక సంస్థకు ఏడాదికి దాదాపు కోటీ అరవై లక్షల రూపాయలు మిగిలేవి. ఏరినవాళ్ళకు మునిసిపాలిటీ జీతం మాత్రం పైసా లేదు. పాత సామాన్ల కొట్టువాడు తూచి ఇచ్చిందే. అంటే మన భాషలో దీన్ని పొదుపు అనాలా, వెట్టి అనాలా?

2008లో 'స్వచ్ఛ్' సహకార సంఘం నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. సభ్యులు ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకుంటారు. ఇళ్ళవాళ్ళు నెలకింత రుసుమిస్తారు, ఏరిన సరుకు అమ్ముకునే హక్కు సభ్యులదే. కుండీలో చెయ్యిపెట్టే గతి కొంత తప్పింది. అయితే ఇక్కడా వాళ్ళకు మునిసిపల్ ఉద్యోగం రాలేదు.

ఇక ప్రైవేటు కాంట్రాక్టరు సంగతి. అతనికి టన్నుకింత అని డబ్బిస్తే ఎంత బరువు మోస్తే అంత లాభం. అట్లాంటివాడు కాగితం, ప్లాస్టిక్కు ఎందుకు వేరు చేయిస్తాడు? ఏరేవాళ్ళు అతని బరువు తగ్గించే శత్రువులు. చెత్త ఏరుకునేవాళ్ళను వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. అయినా 2020 చివర్లో పూణె ఒప్పందం గడువు తీరగానే ఆ పనిని కాంట్రాక్టరుకు ఇద్దామన్న మాట లేచింది. ఆ ఆడవాళ్ళు మళ్ళీ రోడ్డెక్కాల్సొచ్చింది.