మోకాలి గుజ్జుకు మారు

హైదరాబాద్ టోలిచౌకి మసీదుల్లో వరసల పక్కన కుర్చీలు కనిపిస్తాయి. సజ్దాకు, అంటే నుదురు నేలకు ఆనించడానికి, మోకాళ్ళు వంగని పెద్దలు వాటిలో కూర్చునే నమాజు చదువుతారు. గుజ్జు అరిగిపోయిందంటారు. వైద్యులు మృదులాస్థి అనేది దాన్నే. పక్కనున్న ఫిలింనగర్‌లో సినిమాల కోసం మేడల మీంచి దూకే ఫైటర్లకైతే ఆ పొర అరిగేదాకా ఆగదు, వయసులోనే చిరుగుతుంది.

మోకాలిలో చాలాచోట్ల దాని మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. బరువులో ముప్పాతిక వంతు దాకా నీరు. కొల్లాజెన్ పోగుల వలలో నీటిని పట్టి ఉంచే అణువులు ఇరుక్కుని ఉంటాయి. అడుగు వేస్తే కొంత నీరు బయటికి ఊరుతుంది, కాలెత్తితే తిరిగి లోపలికి వస్తుంది. కండ్రోసైట్లనే కణాలకు తిండి అందడానికి ఈ రాకపోకలు తోడ్పడతాయి, ఎందుకంటే అక్కడ రక్తనాళాలు లేవు. నరాలూ లేవు. అందుకే అరుగుదల మొదలైన సంగతి చాలాకాలం తెలియనే తెలియదు.

చెవి డొప్పలోది సాగే రకం, మడిచి వదిలితే మళ్ళీ నిలబడుతుంది. వెన్నుపూసల మధ్య బిళ్ళల్లోది పీచు రకం. కీళ్ళలో, ముక్కులో ఉండేది నున్నటి కాచాభ రకం. తల్లి కడుపులో బిడ్డ అస్థిపంజరంలో ఎక్కువ భాగం మొదట ఈ కాచాభ మృదులాస్థే. ఎముకల చివర్ల దగ్గర మిగిలిన పలకల్లో కణాలు విభజన చెంది, ఉబ్బి, ఎముకకు చోటిస్తుంటే పిల్లలు పొడుగవుతారు. యవ్వనం దాటేసరికి ఆ పలకలు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఎముక విరిగినా అతుక్కుంటుంది కానీ, కీలు మీది పొర పోతే అదే రూపంలో తిరిగి రాదు.

తుంటి కీలులో అలాంటి పొరకు మారు చేయాలని పూనుకున్నవాడు ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రి వైద్యుడు జాన్ చార్న్లీ. అతన్ని ఆలోచనలో పడేసింది ఒక చప్పుడు. యాక్రిలిక్ తుంటి పెట్టించుకున్న ఒకాయన ముందుకు వంగితే కీలు కిర్రుమనేది, భార్య గది వదిలి వెళ్ళిపోయేదట. చార్న్లీ సహజమైన కీళ్ళ రాపిడి కొలిచి చూశాడు. మంచు మీద మంచు జారేటప్పటి కన్నా తక్కువ తేలింది. కృత్రిమ కీలుకు శరీర ద్రవం సాయపడదని, పదార్థమే జారాలని తేల్చుకుని టెఫ్లాన్ ఎంచుకున్నాడు. సుమారు మూడు వందల మందికి అమర్చాడు. కొన్నేళ్ళలోనే అవి అరిగి, ఆ పొడి చుట్టూ కణజాలం వాచిపోయింది. ఆ పొడి ఏం చేస్తుందో చూడాలని తన తొడలోకే ఎక్కించుకున్నాడు. అమర్చినవాటిలో చాలావరకు తీసి మళ్ళీ ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది. నాకు అతని మీద గౌరవం పెరిగింది ఆ కష్టకాలం గురించి చదివాకే.

1962లో మరమగ్గాల పళ్ళచక్రాలకు వాడే ప్లాస్టిక్ ముక్కతో ఒక అమ్మకందారు వచ్చాడు. అది పాలిథిలిన్. గోటితో గీకి చూసిన చార్న్లీ పెదవి విరిచాడు. అతను ఊళ్ళో లేనప్పుడు సహాయకుడు హ్యారీ క్రేవెన్ దాన్ని అరుగుదల పరీక్షించే యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు నడిచినా టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. ఆ నవంబరులోనే దాన్ని లోహానికి జోడుగా మొదటి రోగి తుంటికి అమర్చారు. అక్కడే పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో ఇదే లోహం, ప్లాస్టిక్ జోడీని మోకాలికి తెచ్చాడు.

కుర్చీలున్న దేశంలో పుట్టిన మోకాలు ఇది. నడకకు డెబ్భై డిగ్రీల వంపు చాలు. గొంతుక్కూర్చోవాలంటే నూట ముప్పై దాటాలి, మడమల మీద కూర్చోవాలంటే ఇంకా ఎక్కువ. మరింత వంగే నమూనాలు తర్వాత వచ్చాయి, అయినా నేల మీద కూర్చోవద్దనే ఎక్కువమంది వైద్యులు చెబుతారు. ధర మరో అడ్డంకి. 2017 ఆగస్టులో కేంద్రం కోబాల్ట్ క్రోమియం కృత్రిమ మోకాలికి జీఎస్టీ కాక 54,720 రూపాయల గరిష్ఠ ధర ఖాయం చేసింది. మనవాళ్ళ వరకు క్రేవెన్ పరీక్షకున్నంత విలువ ఈ ఉత్తర్వుకూ ఉందంటాను.

వయసులో ఉన్న ఫైటర్‌కు లోహపు కీలు చివరి మాట. చిన్న గాయమైతే 1987లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మొదలైన పద్ధతి ఉంది. రోగి మోకాలి నుంచే కాసిని కణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, గాయంలో నింపుతారు. అక్కడ పెరిగేది ఒక్కోసారి నున్నటి రకానికి బదులు పీచు రకంగా తయారవుతుంది. గట్టిపడటానికి ఏడాది పైగా పట్టవచ్చు. అంతదాకా దూకడాలు ఉండవు.