బండికి నగలు

పాత స్పోర్ట్స్ కారు కలవాడికి దానిని ఇంట్లో దాచుకోవడం కంటె నలుగురిలో నిలబెట్టడమే ముఖ్యం. రంగు మారుస్తాడు, చక్రాలు మారుస్తాడు, ఆసనాలకు కొత్త తోలు తొడిగిస్తాడు. ఆపైన తనవంటివారు చేరే చోటికి తోలుకుపోతాడు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పెబుల్ బీచ్ పచ్చికపై ఇట్టి ప్రదర్శన 1950లో మొదలైనది. మన దేశంలో ‘స్టేట్స్‌మన్’ పత్రిక 1964లో ఢిల్లీలో పాత కార్ల ఊరేగింపును ప్రారంభించింది. ఇట్టి వేడుకకు ఫ్రెంచివారు పెట్టిన పేరు ‘కాంకూర్ దెలెగాన్స్’, అనగా సొగసు పోటీ. ఆ పేరు కారు కంటె పాతది. పారిస్ ఉద్యానాలలో ధనికులు తమ గుర్రపు బగ్గీలను ఊరేగించిన నాటిదని చెబుతారు.

సొగసు పోటీ బండితో పుట్టిందన్నమాట. మోటారు తరువాత వచ్చి చేరింది. ఈ సంగతి తెలిసినవాడు నిజామాబాదు జిల్లాలో ఆ పోటీ ఎక్కడ జరిగిందని ఎక్కువ వెదకనక్కరలేదు. బోధన్ చెంత, శక్కర్‌నగర్‌లో, చెరకు తూకం దగ్గర జరిగింది.

మంజీరకు అడ్డంగా 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ ఆనకట్ట ఈ నేల తీరునే మార్చింది. నీరు పారిన చోటికి చెరకు వచ్చింది. చెరకు వెంబడి 1937-38 ప్రాంతంలో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు పాలవంటిది, నిలవ ఉండదు. నరికిన గడలో చక్కెర తరుగుతుంది, తేమ ఆరి తూకమూ తగ్గుతుంది. దారిలో ఇరుసు విరిగినా, చక్రం సడలినా ఆ నష్టం రైతుదే. అందుచేత చెరకు నరికే కాలం రాకముందే బండిని విప్పి, కందెన పెట్టి, కాడిని, కడసీలను సరిచూసుకోవడం పంట పనిలో భాగమైపోయింది. ఇక తూకం కోసం బారులు తీరిన బండ్ల నడుమ కాచుకున్నవాడికి ముందున్న బండీ, వెనుకనున్న ఎడ్లూ తప్ప చూడడానికి మరేమున్నవి? ఎవరి ఎడ్లు మేపుకు వచ్చినవి, ఎవరి చక్రం కొత్తది, ఎవరి కాడికి ఇత్తడి పూలున్నవి అనే పరీక్ష అక్కడ తానుగా సాగేది. ఆ పోటీకి న్యాయనిర్ణేతలు లేరు, బహుమతులు లేవు.

కార్ల లోకంలో ఒక తగవు ఉన్నది. కారు ఏ రూపంతో కర్మాగారం దాటిందో ఆ రూపంతోనే ఉండాలని కొందరు; సొంతదారు ఇష్టమే ప్రమాణమని మరికొందరు. బండికి ఈ తగవు లేదు, ఎందుకంటే దానికి తొలిరూపమనేదే లేదు. ప్రతి బండీ ఒక్క ఇంటికోసం, ఆ ఇంటి ఎడ్ల ఎత్తుకు, ఆ ఊరి బాటకు తగినట్లు ఊరి వడ్రంగి చేతిలో తయారయ్యేది. కర్రపని ముగిసిన తరువాత కమ్మరి వంతు. ఇనుప పట్టాను చక్రపు చుట్టుకొలత కంటె పిసరంత తక్కువగా అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చేవాడు. సాగిన పట్టాను పట్టకార్లతో ఎత్తి చక్రంపై దింపి నీళ్లు గుమ్మరిస్తే, అది కుంచించుకొని చుట్టు చెక్కలైన పూటీలను, ఆకులను, నడిమి కుండను ఒక్కటిగా బిగించేది. లోహం వేడికి వ్యాకోచిస్తుందని పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ఇంతకంటె మంచి ప్రయోగం దొరకదు.

ఇదంతా మోత బండి సంగతి. మోటారు లోకంలో స్పోర్ట్స్ కారుకు ఏ స్థానమో తెలంగాణ పల్లెలో కచ్చురానికి ఆ స్థానం. బరువులకు పనికిరాదు, మనుషుల సవారీకి చేసిన తేలిక బండి. పైన గూడు, లోపల మెత్తగా గడ్డి పరచి దానిపై జంపఖానా. కలిగినవారి ఇంటి ముంగిట అది నిలిచి ఉంటే వేరే బోర్డు అక్కరలేదు. పెండ్లికో జాతరకో కదిలినప్పుడు ఎడ్ల మెడలో గంటలు, కాళ్లకు గజ్జెలు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు. కచ్చురం లేని రైతుకూ ఒకరోజు ఉన్నది. శ్రావణ మాసపు చివర పొలాల అమావాస్యనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, వీపున జూలు కప్పి హనుమంతుని గుడిచుట్టూ తిప్పుతారు. ఆ రోజున ఎడ్లకు పని లేదు, నగలు మాత్రమే.

ఇదే అలంకారం రాజుల ఇంట ఎంత దూరం పోయిందో హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉన్నది. ఆయన 1911 ఆగస్టులో మరణించగా, 1912 నాటి ఆ కారు కుమారుడైన ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. నిజాంసాగర్ కట్టినదీ, శక్కర్‌నగర్ వెలసినదీ ఈయన ఏలుబడిలోనే. లండనులోని బార్కర్ కంపెనీ దానికి పసుపు రంగు వేసి, గుమ్మటం వంటి కప్పు పెట్టి, వెనుక సింహాసనం వలె ఎత్తైన పీఠం అమర్చింది. ఉత్సవాలకు తప్ప కదలనందున దశాబ్దాలలో అది నడిచినది కొన్ని వందల మైళ్లే. గొప్ప వస్తువే, సందేహం లేదు. కాని నా కంటికి అది పెండ్లికి ముస్తాబై ఇల్లు కదలని పిల్లవాడివలె కనిపిస్తుంది. అదే నగరంలో, బహదూర్‌పురాలో, కె. సుధాకర్ 2010లో తెరచిన ‘సుధా కార్స్’ ప్రదర్శనశాల వేరే దారి పట్టింది. బూటు, కెమెరా, క్రికెట్ బంతి ఆకారాలలో కార్లు చేసి ఆయన నిజంగానే నడిపారు. 2005లో ఆయన తొక్కి నడిపిన 41 అడుగుల పైచిలుకు ఎత్తుగల మూడు చక్రాల సైకిలు గిన్నిస్ పుస్తకానికెక్కింది. సొంతచేతి పనిలో ఉన్న ఈ మొండి ఉత్సాహం మన వడ్రంగి బంధువర్గానిదే.

ఇప్పుడు బోధన్ బాటల మీద ఇనుప పట్టా చప్పుడు లేదు. మొదట రబ్బరు టైరు బండి, తరువాత ట్రాక్టరు దానిని తప్పించినవి. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీయే మూతపడగా చాలామంది రైతులు చెరకు మాని వరికి మళ్లారు. నిజాం కారుకు రాజభవనంలో చోటు దొరికింది. చెరకు బండి చక్రాలు రహదారి పక్క హోటళ్ల ముంగిట గోడకు ఆని ఉంటున్నవి. అవి ఎవరింటి బండివో చెప్పే చీటీ ఉండదు. పూటీ, కుండ, కడసీల అనే మాటలు తెలిసిన ముసలి వడ్రంగులు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. ఈ ప్రాంతపు పాఠశాలలవారు ఒక ఆదివారం పిల్లలను వారి వద్దకు పంపి, ఒక చక్రం బొమ్మ గీయించి, భాగాల పేర్లు రాయిస్తే ఖర్చేమీ లేదు. కొన్నేండ్లు ఆగితే అడగడానికి మనుషులుండరు.

అలంకారం మాత్రం ఆగలేదు. దసరానాడు అదే రైతు ట్రాక్టరును కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలుంచి తొక్కిస్తాడు. వెనుక ట్రాలీ పలకపై బిడ్డల పేర్లు ఎర్రరంగుతో రాయించి ఉంటవి.