చక్కెర లేని ఎర్రగడ్డ ఊరగాయ: అరగంట పని, అవ్వ పెట్టిన పరీక్ష

మాది శింగనమల దగ్గర పల్లె. ఉల్లిపాయ అనేది కోస్తా మాట, ఉల్లిగడ్డ అనేది కర్నూలు మాట. మేం ఎర్రగడ్డ అంటాం. ఈ వ్యాసంలోనూ అదే రాస్తాను, ఎడిటర్ అన్న దిద్దకపోతే.

ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. మా చిన్నప్పుడు ఇంట్లో రోజూ కూరగాయలు ఉండేవి కావు. సంగటి ముద్ద, శెనక్కాయల ఊరుబిండి, పక్కన ఒక పచ్చి ఎర్రగడ్డ ఉంటే పూట గడిచిపోయేది. కాబట్టి ఎర్రగడ్డ మాకు సలాడ్ కాదు, కూరే.

పోయిన సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, ఆటోకు మైకు కట్టుకొని "కర్నూలు ఎర్రగడ్డలు" అని అరుస్తూ ఒకాయన వచ్చినాడు. ధర పడిపోయింది కదా అని నాయన సంచి దింపించినాడు. వానాకాలం పంట ఎర్రగడ్డలో తేమ ఎక్కువ, నిలవ ఉండదు. పది రోజులకే కొన్ని మెత్తబడి వాసన మొదలైంది. అమ్మ రోజూ ఎర్రకారం నూరినా సంచి తరగడం లేదు. అప్పుడు నాకు హైవే ధాబాలో తిన్న గులాబి రంగు సిర్కా ప్యాజ్ గుర్తొచ్చింది. సిర్కా అంటే వెనిగరే. ఫోన్‌లో ఏదో పద్ధతి వెతికి, సీసాకు రెండు స్పూన్ల చక్కెర వేసి చేసినాను.

అందరికంటే ఎక్కువ ఇష్టపడింది మా అవ్వ. మూడు రోజులు సంగటిలోకి అదే. మూడో రోజు అడిగింది.

"భలే ఉందిరా అబ్బీ, ఏమేమి ఏసినావు దీంట్లో?"

"వెనిగరు, ఉప్పు, మిరియాలు, రెండు స్పూన్లు చక్కెర అవ్వా."

చెయ్యి ఆగిపోయింది. అవ్వకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. "ఉగాదికి ఓళిగ ముట్టకుంటి. కాఫీలో చక్కెర మానేస్తి. నువ్వు ఎర్రగడ్డల్లో కలిపి పెడితివా?" అనింది. తిట్టలేదు. గిన్నె పక్కకు జరిపింది, అంతే.

లెక్క వేస్తే రెండు స్పూన్లు అంటే దాదాపు పది గ్రాములు. అది సీసా అంతటికీ, అందులోనూ చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది. అవ్వ తిన్నది ఒకటి రెండు గ్రాములే అయ్యుంటుంది. కానీ తొమ్మిదేళ్లుగా నోరు కట్టుకున్న మనిషికి చెప్పకుండా పెట్టినాను కదా, ఆ తప్పు గ్రాముల్లో తేలేది కాదు. అందుకే చక్కెర లేకుండా కుదిరేదాకా వదలకూడదనుకున్నాను.

అసలు చక్కెర ఎందుకు వేస్తారు?

చాలామంది నిలవ కోసం అనుకుంటారు. జామ్‌లో అది నిజమే. అక్కడ సగానికి పైగా చక్కెరే ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులకు నీళ్లు అందవు. ఇక్కడ రెండు స్పూన్లతో ఆ పని జరగదు. ఇందులో నిలవకు కారణం వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం, దానికి తోడు ఉప్పు, ఫ్రిజ్ చల్లదనం. చక్కెర పని ఒకటే: ఎర్రగడ్డ ఘాటును, వెనిగర్ పులుపును నాలుకకు తెలియకుండా కప్పడం. అంటే ఆ రెంటినీ ఇంకో దారిలో తగ్గించగలిగితే చక్కెర అవసరమే లేదు.

పక్కింటి అత్త "చక్కెర వద్దంటే బెల్లం వేయరాదా, బెల్లం ఏం చేయదులే" అనింది. ఈ మాట మీ ఇళ్లలోనూ వినే ఉంటారు. బెల్లమైనా తేనె అయినా ఎక్కువ భాగం చక్కెరలే. రక్తంలో షుగర్‌ను అవీ పెంచుతాయి. కాబట్టి అదీ వద్దు.

రెండుసార్లు చెడగొట్టినాను

మొదటిసారి చక్కెర మానేసి మిగతా అంతా అట్లే చేసినాను. నోట్లో పెట్టుకుంటే ముక్కులోకి కొట్టింది. రెండోసారి పులుపు తగ్గుతుందని వెనిగర్ తగ్గించి నీళ్లు పెంచినాను. ఘాటు అట్లే ఉంది, రుచి మాత్రం చప్పబడింది. పైగా అది చేయకూడని పని, ఎందుకో కింద చెప్తాను. మూడోసారి ముందు ఎర్రగడ్డ సంగతి చదివినాను.

ఎర్రగడ్డ కోసేదాకా ఘాటు ఉండదు. దాని కణాల్లో గంధకం ఉన్న పదార్థాలు ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. కత్తి పడగానే రెండూ కలుస్తాయి, ఘాటు పుడుతుంది. కంట్లో నీళ్లు తెప్పించే వాయువు తయారు కావడానికి ఇంకో ఎంజైమ్ కూడా కావాలని జపాన్ శాస్త్రవేత్తలు 2002లో కనిపెట్టినారు. 2013లో దానికి ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మనకు కావల్సిన విషయం ఏమంటే, ఈ ఘాటు పదార్థాలు కోసిన ముఖం మీదే ఎక్కువ పుడతాయి. వేడినీళ్లు పోస్తే చాలావరకు కడుక్కుపోతాయి, ఎంజైమ్‌లూ నీరసపడతాయి. చక్కెర కప్పి దాచేదాన్ని వేడినీళ్లు తీసేస్తాయి. ఇంత చిన్న కిటుకు కోసం రెండు సీసాలు పారబోసినాను.

కావల్సినవి

ఎర్రగడ్డలు పావు కిలో (మధ్యరకంవి మూడు), తెల్ల వెనిగర్ 120 మి.లీ., నీళ్లు 120 మి.లీ., ఉప్పు ఒక టీస్పూను, మిరియాలు ఏడెనిమిది, ఆవాలు అర టీస్పూను, ఎండుమిర్చి ఒకటి. అర లీటరు గాజు సీసా ఒకటి, మూత ప్లాస్టిక్‌దైతే మంచిది.

వెనిగర్ సీసా మీద రెండు విషయాలు చూడండి: ఆమ్లం 4 శాతమైనా ఉండాలి, పదార్థాల జాబితాలో చక్కెర ఉండకూడదు. ఖరీదైన యాపిల్ సైడర్ వెనిగరే కావాలని లేదు.

చేసే విధానం

1. సీసాను సబ్బుతో కడిగి, వేడినీళ్లతో తొలిచి, తడి లేకుండా ఆరబెట్టండి.

2. ఎర్రగడ్డలను సన్నగా, రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో చక్రాలుగా కోయండి. మెత్తబడినవి, బూజు పట్టినవి పక్కన పడేయండి. ఊరగాయ చెడిపోయినదాన్ని బాగుచేయదు.

3. ముక్కలను జల్లెడలో వేసి, మరిగిన నీళ్లు ఒక లీటరు దాకా అన్ని ముక్కలకూ తగిలేట్టు పోయండి. పది పదిహేను సెకన్లలో అయిపోవాలి. నానబెడితే కరకరలాడవు. నీళ్లు బాగా వడకట్టి సీసాలో నింపండి.

4. స్టీలు గిన్నెలో 120 మి.లీ. నీళ్లు, ఉప్పు, మిరియాలు, ఆవాలు, ఎండుమిర్చి వేసి ఒక పొంగు రానివ్వండి. పొయ్యి ఆర్పినాకే వెనిగర్ కలపండి. వెనిగర్ మరిగిస్తే ఇల్లంతా ఘాటు, ఆమ్లం కొంత ఆవిరై పోతుంది. అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెలు వాడొద్దు, ఆమ్లంతో కలిసి లోహం దిగుతుంది.

5. గోరువెచ్చగా ఉన్నప్పుడే ముక్కలు మునిగేట్టు పోసి మూత పెట్టండి. చల్లారినాక ఫ్రిజ్‌లో పెట్టండి.

అరగంటకు తినొచ్చు. రాత్రంతా ఉంచితే ఇంకా బాగుంటుంది, పులుపు ముక్కంతా సమంగా పాకి, నాలుకకు పొడుచుకోదు. హాస్టల్లో కెటిల్ ఉంటే పని ఇంకా సులువు. వార్డెన్‌కు నా పేరు చెప్పొద్దు.

మన సబ్జెక్టులో చెప్పుకుంటే

ముక్క మందం ఎందుకంత ముఖ్యం? ఆమ్లం ముక్కలోకి పోయేది డిఫ్యూజన్ వల్ల. ఫిక్ సూత్రం గుర్తుందా? పట్టే సమయం మందం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ముక్క రెండింతలు మందమైతే సమయం నాలుగింతలు. అరగంట పని రెండు గంటలవుతుంది.

వెనిగర్ ఎందుకు తగ్గించకూడదు? 4 శాతం వెనిగర్‌లో సమంగా నీళ్లు కలిపితే 2 శాతం ఆమ్లం, అంటే లీటరుకు 20 గ్రాములు, దాదాపు 0.33 మోలార్. ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.76. లెక్క కడితే పీహెచ్ 2.6 దగ్గర వస్తుంది. ఎర్రగడ్డలోని నీళ్లు కలిసి కొంచెం పెరిగినా 4.6 కంటే బాగా కిందే ఉంటుంది. ఆ 4.6 గీత ముఖ్యం. బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా అంతకంటే తక్కువ పీహెచ్‌లో పెరగదు. నా రెండో సీసాలో వెనిగర్ తగ్గించి నేను ఆ గీత వైపు నడిచినాను. ఉప్పు, కారం మీ ఇష్టం. వెనిగర్ మాత్రం నీళ్లకంటే తగ్గనీయకండి.

గులాబి రంగు ఎట్ల వస్తుంది? ఎర్రగడ్డ పొరల్లోని ఆంథోసయనిన్లు లిట్మస్ లాంటివి. ఆమ్లంలో ఎర్రబడతాయి. చిటికెడు వంటసోడా నీళ్లలో ఒక ముక్క వేసి చూడండి, నీలం, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. కొన్ని ధాబాల్లో ముదురు రంగు కోసం బీట్‌రూట్ ముక్క వేస్తారు. మనకు అవసరం లేదు.

జాగ్రత్తలు

చక్కెర లేనిది అంటే నేను కలపలేదని మాత్రమే. ఎర్రగడ్డలోనే వంద గ్రాములకు నాలుగు గ్రాముల పైచిలుకు సహజమైన చక్కెరలు ఉంటాయి. పూటకు రెండు మూడు స్పూన్ల ముక్కలు తినేవాళ్లకు అది పెద్ద లెక్క కాదు, కానీ "షుగర్‌కు మందు" అని ఎవరికీ చెప్పకండి. మాత్రలు మాత్రలే.

ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన సీసా మొత్తంలో దాదాపు అంతే ఉంది. కాబట్టి ముక్కలు తినండి, నీళ్లు తాగొద్దు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు సగం చేసినా ఇబ్బంది లేదు, నిలవ బాధ్యత ఆమ్లానిది. కడుపులో మంట ఉన్నవాళ్లు మానుకోవడమే మేలు.

ఇది ఆవకాయ కాదు, బయట పెడితే ఏడాది ఉండదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు. తడి స్పూను, ఎంగిలి స్పూను పెట్టొద్దు. ఫ్రిజ్ లేకుంటే ఆ పూటకు ఆ పూట చేసుకోండి: వేడినీళ్లు పోసిన ముక్కలకు ఒక నిమ్మకాయ, చిటికెడు ఉప్పు కలిపి పావుగంట ఉంచితే చాలు.

అవ్వ తీర్పు

మూడో సీసా చేసేటప్పుడు అవ్వను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టుకొని, ఆమె చూస్తుండగానే ఒక్కొక్కటి వేసినాను. మరుసటి రోజు సంగటిలోకి రెండు ముక్కలు పెట్టుకొని చాలాసేపు నమిలింది.

"ముందుదే బాగుండె," అనింది. నా ముఖం చూసి, ఇంకో నాలుగు ముక్కలు వేసుకుంటూ, "అయితే ఇది తినొచ్చు కదా," అనింది.

ఆ సంచి అట్ల ఖాళీ అయింది. ఇప్పుడు నేను ఇంటికి పోయినప్పుడల్లా సీసా నింపి, మూత మీద తేదీ రాసి వస్తాను. మీరు చేసినా తేదీ రాయండి. ఎవరికైనా పెట్టేముందు లోపల ఏమేమి ఉన్నాయో, వాళ్లు అడగకముందే చెప్పండి.